లాంతరు దాటేదాకా పచ్చలైటు

కాశీనాథం పేరు ఎవరెత్తినా ముందు నాకు కోపమే వస్తుంది. పద్నాలుగేళ్ళు మా చౌరస్తాలో నిలబడ్డ మనిషి, ఎదురుగా ఉన్న నా దుకాణంలోకి వచ్చి ఒక్క పూట కుర్చీలో కూర్చోలేదు. "అన్నా, ఐదు నిమిషాలు కూసో, చాయ్ తాగిపో" అంటే "గాడ ఎవలు చూస్తరు?" అనేవాడు. తను కళ్ళు తిప్పితే సిద్దిపేటలోని బండ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయన్నట్టు. మొదట్లో ఆ మాటకు నవ్వుకునేవాణ్ణి. నవ్వడం ఎందుకు మానానో చెప్పడానికే ఇదంతా.

నా పేరు రామేశ్వర్. చౌరస్తా మూలమీద మోటార్ వైండింగ్ దుకాణం నాది. బావుల మీది మోటార్లు కాలిపోతే రైతులు తెచ్చి నా గుమ్మంలో పడేస్తారు. కాలిన తీగ ఊడబీకి కొత్త తీగ చుట్టి ఇస్తాను. మనుషుల మీద నాకు ఓపిక తక్కువ, మోటార్ల మీద ఎక్కువ. మోటారుకు జబ్బు చేస్తే వాసన వస్తుంది, మూత విప్పితే కారణం కనబడుతుంది. మనిషికి ఆ సౌకర్యం లేదు.

కాశీనాథం చేర్యాల మనిషి. నకాషీ పటాలు, అంటే గుడ్డ మీద కథల బొమ్మలు వేసే ఇల్లు వాళ్ళది. వాళ్ళ నాన్న గీస్తుంటే పక్కన కూర్చుని పదహారేళ్ళు వచ్చేదాకా రంగులు నూరాడు. తర్వాత ఆ పని తిండి పెట్టదని పోలీసులో చేరాడు. ఎనభై ఒకటిలో ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా మా చౌరస్తాకు వచ్చాడు. నడుమ ఒక గుండ్రటి సిమెంటు దిమ్మె, దాని మీద పెద్ద గొడుగు, గొడుగు కింద ఈయన.

విజిల్ ఊదడం ఆయనకు నచ్చేది కాదు. చెయ్యి ఎత్తేవాడు, దించేవాడు, అంతే. ఏ రోడ్డును ఎంతసేపు వదలాలో ఆయనకు ఎవరూ రాసివ్వలేదు. చేర్యాల బస్సు మలుపులో గేరు మార్చిన చప్పుడు వినగానే ఎదుటి రోడ్డును ఆపేవాడు. ప్రజ్ఞాపూర్‌లో చాయ్ తాగి ఎక్కడా ఆగకుండా వచ్చే లారీలు పొద్దున ఏ వేళకు దిగుతాయో తెలుసు. బడి విడిచినప్పుడు ఒక లెక్క, వాన పడేటప్పుడు ఒక లెక్క. దవాఖానకు పోయే రిక్షాను తొక్కేవాడి మొహం చూసి పోల్చుకునేవాడు. "అన్నా, నీకు ఎట్ల తెలుస్తది?" అంటే "చూస్తున్న గద, తెల్వక ఏమైతది" అనేవాడు. అడిగినందుకు నాకే సిగ్గయ్యేది.

అన్నిటికంటే ఆయన ఎదురుచూసేది సోమవారం పొద్దున వచ్చే బండ్ల కోసం.

సోమవారం మా ఊళ్ళో అంగడి, వారపు సంత. నారాయణరావుపేట నుంచి పదకొండు ఎడ్లబండ్లు మక్కజొన్నలు, పత్తి వేసుకుని వరసగా వచ్చేవి. రాత్రి ఒంటిగంటకు బయలుదేరితే పొద్దున ఆరున్నరకు మా చౌరస్తా. ముందు బండి తోలేది దుబ్బయ్య అనే పెద్దమనిషి. ఆయనొక్కడే మెలకువగా ఉంటాడు. వెనక పదిమంది బస్తాల మీద గొంగడి కప్పుకుని నిద్రపోతుంటారు. వాళ్ళ ఎడ్లకు అలవాటు, ముందు బండి ఎటు పోతే అటు పోతాయి, అది ఆగితేనే ఆగుతాయి. చివరి బండి ఇరుసు కింద ఒక లాంతరు వేలాడుతూ ఉంటుంది. తెల్లారినా దాన్ని ఎవరూ ఆర్పరు. ఆర్పాల్సిన మనిషి నిద్రలో ఉంటాడు కదా.

కాశీనాథం ఆ లాంతరు చూసేవాడు. దుబ్బయ్య బండి కనబడగానే మిగిలిన రోడ్లకు అరచెయ్యి చూపించి, లాంతరు చౌరస్తా దాటేదాకా ఆ చెయ్యి దించేవాడు కాదు. లారీవాళ్ళు గొణిగేవాళ్ళు. ఆయన వినేవాడు కాదు.

తొంభై రెండులో మా ఊరికి సిగ్నల్ లైట్లు వచ్చాయి. ప్రారంభం రోజు దండలు కట్టారు, లడ్డూలు పంచారు. పెద్ద సారు ఒకాయన దిమ్మె ఎక్కి మాట్లాడాడు. "ఇప్పటి నుంచి ఎవరి చెయ్యీ చూడవద్దు, లైటు చూడండి. నాలుగు రోడ్లకూ సమానంగా ఇరవై ఐదు సెకన్లు. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనైతే గట్టిగా కొట్టాను, ఎందుకంటే కాలిన బల్బులు మార్చే పని, డబ్బా తాళం చెవి నాకే అప్పజెప్పారు. కాశీనాథం మాత్రం ఎర్రలైటు వంక చూసి పెదవి విరిచాడు.

"గిది ఎరుపా రామేశం? నీళ్ళు కలిపిన కుంకుమ లెక్కున్నది" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "సమానం సరే. నాలుగు దిక్కుల నుంచి బండ్లు సమానంగ రావు గద" అన్నాడు.

ఆ మాట ఆయన పెద్ద సారుకు చెప్పలేదు, నాకు చెప్పాడు. నేను లడ్డూ తింటూ విన్నాను.

లైట్లు వచ్చిన మొదటి సోమవారమే జరిగింది. దుబ్బయ్య బండి పచ్చలో దాటింది, వెనక మరో మూడు దాటాయి. ఇరవై ఐదు సెకన్లు అయిపోయి ఎర్రలైటు పడింది. ఐదో బండి ఎడ్లకు ఎరుపేం తెలుసు, ముందు బండి పోతోంది కాబట్టి అవీ వచ్చాయి. పక్క రోడ్డుకు పచ్చ పడటంతో లారీ కదిలింది. కాశీనాథం చెయ్యెత్తాడు, ఎన్నడూ లేనిది విజిల్ కూడా ఊదాడు. లారీ డ్రైవర్ లైటు చూస్తున్నాడు, చూడమన్నారు కదా. బ్రేకు వేసేసరికే బంపరు తగిలి బండి కాడి విరిగింది. ఒక ఎద్దు మోకాళ్ళ మీద కూలింది. బస్తాల మీద నిద్రపోతున్న యువకుడు రోడ్డు మీద పడి, ఏమైందో తెలియక గొంగడి వెతుక్కున్నాడు.

ప్రాణం పోలేదు. ఎద్దు కూడా కాసేపటికి లేచింది. కానీ ఆ రోజు కాశీనాథం దిమ్మె మీద కూర్చుండిపోయాడు. ఆయన కూర్చోగా చూడటం నాకు అదే మొదలు. నేను నీళ్ళు తీసుకుపోతే తాగలేదు.

"నువ్వు మోటార్ల మనిషివి గద. గా డబ్బాల ఏమున్నది?" అన్నాడు.

మర్నాడు బల్బు మార్చే వంకతో డబ్బా తెరిచాను. లోపల చూసి నాకు నవ్వొచ్చింది. ఇంత హంగామా చేసింది ఒక అరచేతిలో పట్టే మోటారు. అది ఒక డోలును తిప్పుతుంది, డోలు మీద గుబ్బలుంటాయి, గుబ్బ తగిలినప్పుడల్లా లైటు మారుతుంది. దానికి కళ్ళు లేవు, చెవులు లేవు, తిరగడం ఒక్కటే తెలుసు. మోటారు ఆగితే డోలు ఆగుతుంది. డోలు ఆగితే వెలుగుతున్న లైటు అట్లాగే ఉంటుంది.

నా దుకాణంలో పాత స్టార్టర్లు కుప్పలున్నాయి. బావి దగ్గర మోటారు నడపడానికి పచ్చ బటన్, ఆపడానికి ఎర్ర బటన్ ఉండే డబ్బాలు అవి. ఒకదాని నుంచి ఎర్ర బటన్ ఊడదీసి, సిగ్నల్ స్తంభం వెనక చేతికందే ఎత్తులో బిగించి, తీగను డబ్బాలోకి లాగాను. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు లోపలి మోటారు ఆగుతుంది. వదిలితే మళ్ళీ తిరుగుతుంది. ఎర్ర బటన్ నొక్కితే పచ్చలైటు నిలబడుతుందని చెబితే కాశీనాథం మొదటిసారి నా పని వంక గౌరవంగా చూశాడు.

"ఎవలకు చెప్పకు అన్నా. సర్కారు డబ్బాల చెయ్యి పెట్టిన్నని తెలిస్తే నా దుకాణం మూస్తరు" అన్నాను.

"నా నోట్ల నుంచి రాదు" అన్నాడు.

ఏడాది పాటు ఏ గొడవా లేదు. సోమవారం లాంతరు దాటేదాకా ఆయన బొటనవేలు బటన్ మీదే ఉండేది. బడిపిల్లలకూ, దవాఖాన జీపుకూ అదే బటన్. ఊళ్ళోవాళ్ళు "మన సిగ్నల్ మంచిది, మనిషిని చూసి మారుతది" అని చెప్పుకునేవాళ్ళు. కరీంనగర్ నుంచి వచ్చిన మా బావమరిదికి కూడా గర్వంగా చూపించాను. ఎందుకు గర్వమో మాత్రం చెప్పలేదు.

తొంభై మూడు నవంబరులో ఒకరోజు కాశీనాథం దుకాణం గుమ్మం దాకా వచ్చాడు. "బటన్ జర బద్దకిస్తున్నది రామేశం. వేలు తీసినంక ఎంటనే ఎనకకు వస్తలేదు. ఒకసారి చూడు" అన్నాడు. నా ముందు ఆరు మోటార్లున్నాయి, ఆరుగురు రైతులు తలమీద కూర్చున్నారు. "రేపు చూస్త" అన్నాను. రేపు చూడలేదు. ఎల్లుండీ చూడలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి వెనకాడుతుంది.

సోమవారం బండ్లు పోయాయి, లాంతరు దాటింది, ఆయన వేలు తీశాడు. బటన్ మాత్రం వెనక్కి రాలేదు. పత్తి కాలం కదా, గాలిలో ఎగిరే నూగంతా దాని స్ప్రింగులో చేరి ముద్దకట్టింది. ఒక రోడ్డుకు పచ్చ, మూడు రోడ్లకు ఎరుపు, అట్లాగే నిలిచిపోయాయి. నా దుకాణం ఇంకా తెరవలేదు. కాశీనాథం దిమ్మె ఎక్కి చేతులతో బండ్లను పంపడం మొదలుపెట్టాడు. స్కూటర్లు పోయాయి, బస్సులు పోయాయి. ఒక్క జీపు మాత్రం కదల్లేదు. అందులో ఉన్నది ఆ పెద్ద సారే. చెయ్యి చూడొద్దు, లైటు చూడమని ఆయనే చెప్పాడు కాబట్టి డ్రైవరు లైటు చూస్తూ కూర్చున్నాడు. కాశీనాథం రమ్మని ఎంత ఊపినా రాలేదు. పద్నాలుగు నిమిషాలు.

ఆ సాయంత్రం కంపెనీ మనిషి వచ్చి డబ్బా తెరిచాడు. తీగ దొరికింది, బటన్ దొరికింది. నా దగ్గరి తాళం చెవి కూడా తీసుకున్నాడు. ఎవరు పెట్టారని అడిగితే కాశీనాథం "నేనే పెట్టుకున్న" అన్నాడు. నేను దుకాణం మెట్ల మీద నిలబడి విన్నాను.

మర్నాడు మెమో ఇచ్చారు. సర్కారు ఆస్తిని పాడుచేసినందుకు కొలువు నుంచి ఎందుకు తీసేయకూడదో పదిహేను రోజుల్లో చెప్పమన్నారు. అప్పటిదాకా స్టేషన్‌లో కూర్చోవాలి, చౌరస్తాలో కాలు పెట్టకూడదు. పెన్షన్‌కు ఇంకా పద్దెనిమిది నెలలుంది.

నేను మూడు రోజులు పని చేశాను. అంటే చేసినట్టు కూర్చున్నాను. చుట్టిన తీగే మళ్ళీ విప్పి చుట్టాను. చెప్పేద్దామని రెండుసార్లు చెప్పులేసుకున్నాను, రెండుసార్లూ విప్పాను. పిరికితనానికి ఇంకో పేరు పెట్టుకోవాలని చూశాను, దొరకలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కాశీనాథం భార్య సుగుణ వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది, స్టేషన్‌లో ఆయనకు అన్నం ఇచ్చి వస్తోంది. గుమ్మంలోనే నిలబడింది.

"కూసో వదినా" అన్నాను.

"కూసోను రామేశం. ఒక్క మాట చెప్పి పోత. మా ఇంట్ల బల్బు పోతే మార్చెటానికి ఆయన పక్కింటోళ్ళను పిలుస్తడు. ఫ్యూజ్ ఏసుడు రాదు. గసుంటి మనిషి డబ్బాల తీగలు గుంజిండంట" అంది.

నేను తల దించుకున్నాను.

"ఎవలు చేసిన్రో నేను అడుగుతలేను. ఆయన చెప్పడు, చెప్పద్దన్నడు. నీకు తెల్వాలె అని వచ్చిన" అంది. టిఫిన్ డబ్బా కొంగు చాటుకు సర్దుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి కోపం తెచ్చుకునే వీలుండేది.

శనివారం హైదరాబాద్ నుంచి ఇంజనీరు దిగింది. పేరు విజయరాణి, ముప్పై ఏళ్ళుంటాయి. డబ్బా ఎంత పాడైంది, సిగ్నల్ ఎట్లా నడవాలి అని రిపోర్టు రాయడానికి పంపారు. వస్తూనే నాలుగు రోడ్లకూ అడ్డంగా నల్లటి రబ్బరు గొట్టాలు వేయించింది. చక్రం ఎక్కినప్పుడల్లా గొట్టంలో గాలి నొక్కుకుని, చివరనున్న పెట్టెలో అంకె మారుతుంది. అట్లా ఎన్ని బండ్లు పోయాయో లెక్క తేలుతుందట. మా ఊరివాళ్ళు దాన్ని కరెంటు తీగ అనుకుని ఎగిరి దాటడం మొదలుపెట్టారు. కూరగాయలమ్మే కొమురవ్వ గంప దించి, "షాక్ కొడతదా కొడుకా?" అని నన్నడిగింది. కొట్టదు, తొక్కితే నిన్ను సగం స్కూటర్ అని రాసుకుంటరని చెప్పాను. తొక్కకుండానే పోయింది.

ఆ సాయంత్రం విజయరాణి దగ్గరికి పోయాను. నిజం చెప్పడానికే పోయాను. "మేడం" అన్నాను. "చెప్పండి" అంది. "చాయ్ తాగుతరా?" అన్నాను. ఇద్దరం చాయ్ తాగాం.

ఆదివారం ఆమె కంగారుగా నా దుకాణానికి వచ్చింది. "పావుగంటలో ఒక్క రోడ్డు మీద నాలుగు వందల బండ్లు చూపిస్తోంది. నేను భోజనానికి వెళ్ళిన టైములోనే. ఏం జరిగింది?" అంది.

"గొర్లు పోయినయి మేడం. మంద" అన్నాను.

ఒక్క క్షణం నా మొహం చూసి పకపకా నవ్వింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, నేను చుడుతున్న తీగ చూస్తూ చాలా సంగతులు చెప్పింది. ముందే పెట్టిన టైము ప్రకారం గుడ్డిగా తిరిగే సిగ్నల్ మా ఊళ్ళోది. పెద్ద నగరాల్లో ఇంకో రకం ఉంది. రోడ్డు కింద తీగచుట్ట పాతిపెడతారు, దాని మీదికి ఇనుము రాగానే సిగ్నల్‌కు తెలుస్తుంది. బండ్లు వస్తున్నంతసేపు పచ్చను పొడిగిస్తుంది, సందు కనబడగానే మూసి పక్క రోడ్డుకు ఇస్తుంది. రోడ్డును చూసుకుని తన టైము తనే దిద్దుకుంటుంది.

తీగచుట్ట అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది నా అన్నం కదా. కానీ ఆమె చెబుతున్నకొద్దీ ఆ పని మా చౌరస్తాలో పన్నెండేళ్ళుగా ఎవరు చేస్తున్నారో నా కళ్ళముందు కనబడుతూనే ఉంది. ఆ మాట ఆమెకు చెప్పకుండా తీగ చుడుతూ కూర్చున్నాను. రేపు సోమవారం అన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున ఆరింటికే దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాను. విజయరాణి పుస్తకం పట్టుకుని డబ్బా పక్కన ఉంది. దిమ్మె మీద కొత్తగా వేసిన కానిస్టేబుల్, లైట్లున్నాయి కదా అని వక్క నములుతున్నాడు. ఆరున్నరకు దుబ్బయ్య ఎడ్ల గంటలు వినిపించాయి. పచ్చ పడింది. దుబ్బయ్య దాటాడు. రెండో బండి, మూడో బండి. పక్క రోడ్డు మీద ప్రజ్ఞాపూర్ వైపు నుంచి వచ్చిన లారీ, దాని వెనక నిండు బస్సు, పచ్చ కోసం రొద చేస్తున్నాయి.

అప్పుడు నేను ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మళ్ళీ చాయ్ అడిగేవాణ్ణి. "మేడం, తాళంచెవి" అని ఆమె చేతిలోంచి గుంజుకున్నాను. డబ్బా తెరిచి, ఏడు తీగల్లో మోటారు తీగ ఒక్కదాన్ని పట్టి లాగేశాను. డోలు ఆగింది. పచ్చ అట్లాగే నిలిచింది.

కానీ ఎప్పటిదాకా? డబ్బా తలుపు నా దుకాణం వైపు ఉంటుంది, అక్కడ నిలబడితే నారాయణరావుపేట రోడ్డు కనబడదు. తల తిప్పి చూస్తే గల్లీ మొదట్లో, చౌరస్తాకు పది అడుగుల ఇవతల, లుంగీ మీద తువ్వాల కప్పుకుని కాశీనాథం నిలబడి ఉన్నాడు. చౌరస్తాలో కాలు పెట్టొద్దన్నారు, ఆయన పెట్టలేదు. కుడిచెయ్యి మాత్రం ఎత్తి పట్టుకున్నాడు. నేను ఆ చెయ్యినే చూశాను. ఆరో బండి, ఎనిమిదో బండి, లారీ హారను, అన్నీ వినబడుతున్నాయి. చెయ్యి కదల్లేదు. చాలాసేపటికి అది నెమ్మదిగా దిగింది. తీగ తిరిగి తగిలించాను. దుబ్బయ్య వెనక పది బండ్లలో ఒక్కడూ నిద్ర లేవలేదు.

విజయరాణి నన్నే చూస్తోంది. "ఏడు తీగలున్నాయి. మోటారు తీగ అదేనని మీకెలా తెలుసు?" అంది.

"బటన్ పెట్టింది నేనే మేడం. ఆయనకు ఫ్యూజ్ ఏసుడు కూడ రాదు. ఆయన నా పేరు చెప్పలేదు, నేను చెప్పుకోలేదు" అన్నాను.

డబ్బా తలుపు మూసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. వారం రోజులుగా ఛాతీ మీద పెట్టుకు తిరుగుతున్న పెద్ద మోటారును ఎవరో దించినట్టయింది. శిక్ష ఏమైనా పడనీ, ఊపిరైతే ఆడింది.

ఆమె నేరుగా గల్లీ మొదటికి నడిచి, కాశీనాథం ముందు నిలబడింది. "చెయ్యి ఎప్పుడు దించాలో మీరెలా నిర్ణయించారు?" అని అడిగింది.

"లాంతరు దాటినంక" అన్నాడు ఆయన. ఆమెకు అర్థం కాలేదని చూసి, బండ్ల సంగతి, నిద్ర సంగతి, కిందటేడు విరిగిన కాడి సంగతి చెప్పాడు.

"మా దగ్గర ఒక మిషను ఉంది. బండి వస్తున్నంతసేపు పచ్చ ఉంచుతుంది, సందు రాగానే ఆపేస్తుంది" అందామె.

"సందు ఉంటది మేడం. బండికి బండికి నడుమ నాలుగు బారల సందు ఎప్పుడు ఉంటది. గా సందు చూసి రోడ్డు ఖాళీ అయిందనుకుంటే మల్ల ఎడ్ల కాళ్ళు విరుగుతయి. మొదటి బండి కాదు, ఆఖరి బండి ఎరుక ఉండాలె" అన్నాడు.

ఆమె రోడ్డు మీదే నిలబడి అదంతా రాసుకుంది. తర్వాత మరో పేజీ తిప్పి, ఇంకా చెప్పండి అంది. కాశీనాథం బడి లెక్క, వాన లెక్క, చేర్యాల బస్సు గేరు లెక్క చెప్పాడు. సుగుణ టిఫిన్ డబ్బాతో వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. చౌరస్తాలో నిలబడ్డ పద్నాలుగేళ్ళలో ఆయన్ను ఈ ప్రశ్న కాగితం మీద రాసుకోవడానికి అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

రిపోర్టు పోయింది. పన్నెండు రోజులు ఏ కబురూ లేదు. ఆ మధ్యలో వచ్చిన సోమవారం విజయరాణి చెప్పిందో, లేకపోతే భయపడ్డారో గానీ, అంగడి బండ్లు పోయేదాకా ఎవరో ఒకరు సిగ్నల్‌ను ఆపి ఉంచారు. నేను మటుకు రోజూ సాయంత్రం కాశీనాథం ఇంటికి పోయేవాణ్ణి. నన్ను కోప్పడతాడేమోనని చూశాను. "బటన్ చూడమన్నప్పుడు చూడకపోతివి" అని ఒక్కసారి అన్నాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

పదమూడో రోజు కాగితం వచ్చింది. కాశీనాథానికి హెచ్చరికతో సరిపెట్టారు, కొలువుకు ఏ ఢోకా లేదు. నాకు గట్టిగా చీవాట్లు రాశారు. బల్బుల పని మాత్రం నా దగ్గరే ఉంచారు, ఊళ్ళో అంత పొడవు నిచ్చెన ఇంకెవరి దగ్గరా లేదు. కింద ఇంకో వాక్యం ఉంది. ఆ చౌరస్తాలో నిలిచే కానిస్టేబుల్ చేతికందేలా తాళంతో కూడిన బటన్ పెట్టె ఒకటి బిగించాలని, రోడ్డు అవసరాన్ని బట్టి టైము పొడిగించే అధికారం అతనికి ఉంటుందని. వాళ్ళింట్లో అది చదువుతుంటే సుగుణ వదిన గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుని, "ఇగ అన్నం తిను" అంది ఆయనతో. ఆయన దాదాపు మూడు వారాల తర్వాత రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. నాకూ పెట్టింది.

సోమవారం కాశీనాథం ఇస్త్రీ చేసిన డ్రెస్సుతో దిమ్మె ఎక్కాడు. ఆరున్నరకు గంటలు వినిపించాయి. కొత్త బటన్ మీద బొటనవేలు పెట్టాడు. దుబ్బయ్య బండి వచ్చింది, వెనక బండ్లు వచ్చాయి. చూస్తే పదకొండు మందీ మేలుకుని ఉన్నారు. పగ్గాలు బిగించి పట్టుకుని, ఎర్రబడ్డ కళ్ళతో బస్తాల మీద నిటారుగా కూర్చున్నారు. కాశీనాథం దుబ్బయ్యను ఆపాడు. ఆయన ఆగగానే వెనకవన్నీ ఆగాయి.

"ఏంది దుబ్బయ్యా, ఎవలు పండుకోలేదా?" అన్నాడు.

"ఎట్ల పండుకుంటం సారు? మా నిద్రతోని నీ నౌకరి పోతదన్నరు. రెండు వారాల సంది ఒక్కనికి కన్ను మూతపడుత లేదు."

కాశీనాథం గొడుగు కర్రను ఒకసారి తడిమాడు. "నౌకరి ఏడికి పోలేదు. గీ బటన్ సర్కారే ఇచ్చింది. మీరు పండుకోండ్రి. నేనున్న గద" అన్నాడు.

మరుసటి సోమవారం నేను ఐదున్నరకే లేచి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. బండ్లు వచ్చాయి. దుబ్బయ్య వెనక అందరూ గొంగళ్ళు కప్పుకుని పడుకున్నారు. కాడి విరిగిన బండి యువకుడు నోరు తెరుచుకుని, పక్కకు ఒరిగి, మొద్దునిద్రలో ఉన్నాడు. పక్క రోడ్డులో లారీ డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టబోతే కాశీనాథం వద్దని వేలు ఊపాడు. అతను చెయ్యి తీసేసి, స్టీరింగు మీద గడ్డం ఆనించి చూస్తూ కూర్చున్నాడు. చివరి బండి కింద లాంతరు ఊగుతూ చౌరస్తా దాటింది. కాశీనాథం బటన్ మీద నుంచి వేలు తీశాడు.